సబ్బునీటిలో కెమిస్ట్రీ: మైసెల్స్, మైక్రోఎమల్షన్లలో రసాయన చర్యలు ఎలా నడుస్తాయి?

ఒక కిలో మందు తయారు చేయడానికి ఎన్ని కిలోల వ్యర్థం పుడుతుంది? రసాయన శాస్త్రవేత్త రోజర్ షెల్డన్ 1992లో ఈ ప్రశ్నకు ఒక కొలమానం ఇచ్చారు. దాని పేరు ఈ-ఫ్యాక్టర్. పెద్ద ఎత్తున తయారయ్యే మామూలు రసాయనాల విషయంలో కిలోకు 1 నుంచి 5 కిలోల వ్యర్థం వస్తుంటే, ఔషధాల విషయంలో అది 25 నుంచి 100 కిలోలు, కొన్నిసార్లు అంతకు మించి. ఈ వ్యర్థంలో పెద్ద వాటా మందుది కాదు, ముడిసరుకుదీ కాదు. వాటిని కరిగించడానికి, కడగడానికి, శుద్ధి చేయడానికి వాడే ద్రావణులది.

ఆ ద్రావణుల మీద ఇప్పుడు నిబంధనలు బిగుస్తున్నాయి. డైమిథైల్ ఫార్మమైడ్ వాడకం మీద యూరోపియన్ యూనియన్ విధించిన పరిమితులు 2023 డిసెంబరు నుంచి అమల్లోకి వచ్చాయి. డైక్లోరోమీథేన్‌ను చాలా రకాల అవసరాలకు వాడకుండా అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2024లో నిషేధించింది. ల్యాబుల్లో, ఫ్యాక్టరీల్లో దశాబ్దాలుగా అలవాటైన ద్రావణులివి. వీటి బదులు నీటిని వాడొచ్చు కదా అన్న మాట అందుకే మళ్లీ గట్టిగా వినిపిస్తోంది. మందుల్లో వాడే అణువుల్లో చాలావరకు నీటిలో కరగవు కాబట్టి, ఆ నీటిలో కాస్త సర్ఫ్యాక్టెంట్, అంటే సబ్బు జాతి పదార్థం కలపాలన్నది ప్రతిపాదన.

‘నీటిలో చేసిన చర్య కాబట్టి పర్యావరణానికి మంచిది’ అని ఒకరంటే, ‘కలుషితమైన నీటిని చివరికి ఎక్కడ పోస్తారు?’ అని ఇంకొకరు అడుగుతున్నారు. రెండు మాటల్లోనూ పస ఉంది. వాటిని తూచాలంటే ముందుగా ఆ నీటిలో ఏ అణువు ఎక్కడ ఉంటుందో తెలియాలి.

సర్ఫ్యాక్టెంట్ అణువు, మైసెల్

సర్ఫ్యాక్టెంట్ అణువుకు నీటిని ఇష్టపడే తల, నీటికి దూరంగా ఉండాలనుకునే తోక ఉంటాయి. షాంపూల్లో, టూత్‌పేస్టుల్లో ఉండే సోడియం డోడెసైల్ సల్ఫేట్‌నే తీసుకుందాం. దీని తోక 12 కార్బన్ల గొలుసు, తల రుణావేశం ఉన్న సల్ఫేట్. దీన్ని నీటిలో కొద్దికొద్దిగా వేస్తూ పోతే మొదట్లో అణువులు విడివిడిగా తిరుగుతాయి, కొన్ని నీటి ఉపరితలానికి చేరతాయి. గది ఉష్ణోగ్రత దగ్గర గాఢత సుమారు 8 మిల్లీమోలార్లు, అంటే లీటరుకు రెండు గ్రాముల పైచిలుకు దాటగానే అవి గుంపులు కట్టడం మొదలుపెడతాయి. దాదాపు 60 అణువులు తోకలు లోపలికి, తలలు బయటికి పెట్టుకుని నాలుగైదు నానోమీటర్ల గుంపుగా ఏర్పడతాయి. ఈ గుంపు పేరే మైసెల్. అది ఏర్పడటం మొదలయ్యే గాఢతను క్రిటికల్ మైసెల్ గాఢత అంటారు.

పాఠ్యపుస్తకాల్లో మైసెల్‌ను గట్టి బంతిలా గీస్తారు. ఆ బొమ్మను పూర్తిగా నమ్మకూడదు. మైసెల్‌లోంచి ఒక్కో అణువు మైక్రోసెకన్ల వ్యవధిలో బయటికి వస్తూ, మళ్లీ దూరుతూ ఉంటుంది. మొత్తం గుంపు చెదిరిపోయి మళ్లీ కట్టుకోవడానికి కూడా ఎంతోసేపు పట్టదు, చాలా వ్యవస్థల్లో అది మిల్లీసెకన్ల వ్యవహారం. తోకలు కూడా సూటిగా పేర్చినట్టు ఉండవు, మెలికలు తిరిగి ఉంటాయి. తలల దగ్గర నీటి అణువులు బాగానే కనిపిస్తాయి. మనం కలిపిన కర్బన పదార్థాల్లో చాలావరకు నడిమధ్యలోకి పోకుండా, తలల కిందుగా, సగం తడి సగం పొడి ఉన్న ఆ పొరలోనే నిలబడతాయి. చర్య జరిగేది ఎక్కువగా అక్కడే.

ఎమల్షన్ వేరు, మైక్రోఎమల్షన్ వేరు

నూనె, నీరు, సర్ఫ్యాక్టెంట్ కలిపి గట్టిగా గిలక్కొడితే పాలలా తెల్లటి ఎమల్షన్ వస్తుంది. అందులో నూనె బొట్లు మైక్రోమీటర్ల సైజులో ఉంటాయి కాబట్టి కాంతిని చెదరగొడతాయి. ఎంత బాగా కలిపినా కొన్ని గంటలకో కొన్ని నెలలకో నూనె మళ్లీ విడిపోతుంది.

మైక్రోఎమల్షన్ పేరు వింటే ఇంకాస్త చిన్న బొట్లున్న ఎమల్షన్ అనిపిస్తుంది. స్వభావంలో మాత్రం అది వేరే జాతి. సరైన పాళ్లలో కలిపితే గిలక్కొట్టకుండానే దానంతటదే ఏర్పడుతుంది, గాజులా పారదర్శకంగా ఉంటుంది, ఉష్ణోగ్రత మారనంతవరకు ఎన్నాళ్లైనా విడిపోదు. హోర్, షుల్మన్ 1943లో ఇలాంటి పారదర్శక మిశ్రమాల గురించి రాశారు. మైక్రోఎమల్షన్ అన్న పేరు 1959లో వచ్చింది. ఇవి విడిపోకుండా ఉండటానికి అసలు కారణం నూనె, నీరు తాకే సరిహద్దు దగ్గర తన్యత దాదాపు మాయమైపోవడమే. మామూలుగా హైడ్రోకార్బన్, నీరు మధ్య అది మీటరుకు 50 మిల్లీన్యూటన్ల చుట్టుపక్కల ఉంటుంది. మైక్రోఎమల్షన్ ఏర్పడే చోట అది అందులో వెయ్యో వంతుకు, పదివేలో వంతుకు కూడా పడిపోతుంది. కొత్త సరిహద్దు పుట్టించడానికి శక్తి దాదాపు అక్కర్లేదు కాబట్టి బొట్లు మళ్లీ కలిసిపోవాలన్న ఒత్తిడి ఉండదు.

రసాయన చర్యకు దీనివల్ల ఏం ఒరుగుతుందో చిన్న లెక్కతో తెలుస్తుంది. ఒక మిల్లీలీటరు నూనెను 10 మైక్రోమీటర్ల బొట్లుగా చేస్తే వాటి మొత్తం ఉపరితలం 0.6 చదరపు మీటర్లు. అదే నూనెను 10 నానోమీటర్ల బొట్లుగా చేస్తే 600 చదరపు మీటర్లు. నూనెలో ఉన్న అణువుకు, నీటిలో ఉన్న అణువుకు తారసపడే చోటు వెయ్యి రెట్లు పెరిగిందన్నమాట. రెండూ సరిహద్దు దగ్గరే కలవాల్సిన చర్యల్లో ఇది చాలా పెద్ద తేడా.

బొట్లు ఎప్పుడూ నీటిలో నూనెగానే ఉండనక్కర్లేదు. నూనె ఎక్కువగా ఉంటే నీరే బొట్లవుతుంది, వీటిని రివర్స్ మైసెల్స్ అంటారు. రెండూ సమానంగా ఉంటే బొట్లు పోయి, నూనె దారులు, నీటి దారులు ఒకదానిలో ఒకటి అల్లుకుపోయిన నిర్మాణం వస్తుంది. విన్సర్ 1948లో ఈ వ్యవస్థలను నాలుగు రకాలుగా విడదీశారు. వాటిలో మూడో రకంలో పైన నూనె, కింద నీరు, మధ్యలో సర్ఫ్యాక్టెంట్ నిండిన మైక్రోఎమల్షన్, మూడూ విడివిడి పొరలుగా నిలబడతాయి. దీనితో చివర్లో మనకు పని పడుతుంది.

వేగం ఎలా పెరుగుతుంది: 2500 రెట్లా, 50 రెట్లా?

మైసెల్‌లో చర్య వేగంగా జరిగిందంటే అక్కడ అణువులకు ఏదో కొత్త శక్తి వచ్చిందని అనుకోవడం సహజం. చాలా సందర్భాల్లో కారణం అంతకంటే సాదాసీదాది. అణువులు ఇరుకు చోట పోగవుతాయి, అంతే.

లీటరు నీటిలో 20 గ్రాముల సర్ఫ్యాక్టెంట్ వేశామనుకుందాం. మైసెల్స్ అన్నీ కలిపి ఆక్రమించే చోటు సుమారు 20 మిల్లీలీటర్లు, అంటే మొత్తంలో 50వ వంతు. ఒకదానితో ఒకటి చర్య జరిపే రెండు పదార్థాలను లీటరుకు 0.01 మోల్ చొప్పున కలిపాం. రెండూ నీటిని వదిలి పూర్తిగా మైసెల్స్‌లోకి చేరితే లోపల ఒక్కోదాని గాఢత 0.5 మోలార్ అవుతుంది, అంటే 50 రెట్లు. చర్య వేగం రెండు గాఢతల లబ్ధాన్ని బట్టి ఉంటుంది కాబట్టి లోపల 2500 రెట్ల వేగం.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆ 2500 రెట్ల వేగం మొత్తం పాత్రలో లేదు, 50వ వంతు చోటులోనే ఉంది. లీటరు మొత్తానికి లెక్కిస్తే పెరుగుదల 50 రెట్లే.

ఇప్పుడు సర్ఫ్యాక్టెంట్‌ను రెట్టింపు చేసి 40 గ్రాములు వేద్దాం. మైసెల్స్ చోటు 40 మిల్లీలీటర్లయింది, లోపలి గాఢత 25 రెట్లకు దిగింది, మొత్తం మీద పెరుగుదల కూడా 25 రెట్లే. సర్ఫ్యాక్టెంట్ ఎక్కువైన కొద్దీ చర్య నెమ్మదించింది! సర్ఫ్యాక్టెంట్ గాఢతకు ఎదురుగా వేగాన్ని గ్రాఫ్ గీస్తే మొదట నిటారుగా పైకి లేచి, ఒక శిఖరం తాకి, తర్వాత దిగిపోవడం ఇలాంటి చర్యల్లో పదేపదే కనిపిస్తుంది. అణువులు లోపలికి చేరుతున్నంతసేపు వేగం పెరుగుతుంది, అన్నీ చేరాక పలచబడటం మొదలవుతుంది.

నీటిని ఒక ప్రాంతంగా, మైసెల్స్ అన్నిటినీ కలిపి ఇంకో ప్రాంతంగా భావించి ఇలా లెక్కగట్టే పద్ధతిని సూడోఫేజ్ నమూనా అంటారు. మెంగర్, పోర్ట్‌నాయ్ 1967లో దీనికి రూపమిచ్చారు, తర్వాత బెరెజిన్, బంటన్, రామ్‌స్టెడ్ లాంటివాళ్లు విస్తరించారు. ఈ లెక్కలతో గాఢత ప్రభావాన్ని పక్కకు తీసి చూసినప్పుడు తేలిన విషయం నాకు ఇప్పటికీ ఆసక్తిగా అనిపిస్తుంది. చాలా చర్యల్లో మైసెల్ లోపలి వేగ స్థిరాంకం, అంటే గాఢతతో సంబంధం లేకుండా చర్య సహజ వేగాన్ని చెప్పే సంఖ్య, నీటిలో ఉన్నదానికి దగ్గరగానో, అంతకంటే తక్కువగానో ఉంది. అంటే మైసెల్ అణువులను చురుకు చేయడం లేదు, దగ్గరికి చేరుస్తోంది.

రెండిట్లో ఒకటి మాత్రమే లోపలికి వెళ్లి, రెండోది నీటిలోనే ఉండిపోతే? అప్పుడు అదే సర్ఫ్యాక్టెంట్ చర్యను అడ్డుకుంటుంది.

కంటికి కనిపించే రుజువు: ఊదా రంగు వెలవడం

క్రిస్టల్ వయొలెట్ అనే రంగు పదార్థం ధనావేశం గల అయాన్. క్షార ద్రావణంలో హైడ్రాక్సైడ్ వచ్చి దీనికి తగులుకోగానే ముదురు ఊదా రంగు పోయి, ద్రావణం రంగులేనిదవుతుంది. రంగు ఎంతసేపట్లో పోయిందో చూస్తే చర్య వేగం తెలిసిపోతుంది. డైన్‌స్టీ, గ్రున్‌వాల్డ్ 1959లో ఇలాంటి రంగుల మీద సర్ఫ్యాక్టెంట్ల ప్రభావాన్ని కొలిచి ప్రచురించారు.

రుణావేశపు సల్ఫేట్ సర్ఫ్యాక్టెంట్ వేస్తే రంగు పోవడం బాగా నెమ్మదిస్తుంది. ధనావేశపు రంగు అణువు ఇష్టంగా మైసెల్‌కు అతుక్కుంటుంది. హైడ్రాక్సైడ్‌ది రుణావేశం కాబట్టి మైసెల్ దాన్ని నెట్టేస్తుంది. ఇద్దరూ విడిపోయారు.

సెటైల్ ట్రైమిథైల్ అమ్మోనియం బ్రోమైడ్ అనే ధనావేశపు సర్ఫ్యాక్టెంట్ వేస్తే రంగు త్వరగా వెలిసిపోతుంది. హైడ్రాక్సైడ్ అయాన్లు మైసెల్ చుట్టూ మూగుతాయి. మరి రంగు అణువుదీ ధనావేశమే కదా, అదెలా దగ్గరికి వస్తుంది? దానికి మూడు బెంజీన్ వలయాలున్నాయి, అవి నీటిని భరించలేవు. ఆవేశాల వికర్షణ కంటే నీటి నుంచి తప్పించుకోవాలన్న మొగ్గే ఇక్కడ నెగ్గుతుంది.

ఇదే ద్రావణంలో సోడియం బ్రోమైడ్ వేస్తే ఆ వేగం తగ్గుతుంది. మైసెల్ చుట్టూ ఉన్న చోటు కోసం బ్రోమైడ్ అయాన్లు పోటీపడి హైడ్రాక్సైడ్‌ను తరిమేస్తాయి. కాస్త లవణం కలిసినా ఫలితం తారుమారయ్యే ఇలాంటి వ్యవస్థను ల్యాబ్ నుంచి ఫ్యాక్టరీకి తీసుకెళ్లడం ఎందుకు కష్టమో ఇక్కడే అర్థమవుతుంది.

లోహ ఉత్ప్రేరకం వచ్చి చేరితే

ఇంతవరకు చూసినదాంట్లో వేగం పెంచింది మైసెలే. ఇటీవల వార్తల్లో కనిపించేది వేరు. అక్కడ పల్లేడియం లాంటి లోహం అసలు ఉత్ప్రేరకం, సర్ఫ్యాక్టెంట్ నీరు అది పనిచేసే మాధ్యమం. ఈ రెండిటినీ ఒకే గాటన కట్టడం వల్లే చాలా తికమక వస్తోంది.

సుజుకీ చర్యను చూద్దాం. రెండు కర్బన ముక్కలను పల్లేడియంతో అతికించే ఈ పద్ధతి ఔషధ పరిశ్రమకు రోజువారీ పని. మామూలుగా డైమిథైల్ ఫార్మమైడ్, డైఆక్సేన్ లాంటి ద్రావణుల్లో, వేడి చేసి, మోల్ లెక్కన ఒకటి నుంచి ఐదు శాతం పల్లేడియంతో నడుపుతారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాంటా బార్బరాలో బ్రూస్ లిప్‌షుట్జ్ బృందం దీనికోసమే ప్రత్యేకంగా సర్ఫ్యాక్టెంట్లు రూపొందించింది. వాటిలో బాగా ప్రచారం పొందినది 2011లో వచ్చిన టీపీజీఎస్-750-ఎమ్. తోకగా విటమిన్ ఇ, తలగా పాలీఇథిలీన్ గ్లైకాల్ గొలుసు, రెండిటి మధ్య సక్సినిక్ ఆమ్లం. దీన్ని బరువులో 2 శాతం నీటిలో కలిపితే ఎన్నో అతికింపు చర్యలు గది ఉష్ణోగ్రత దగ్గరే నడుస్తాయి. కర్బన ముక్కలు, పల్లేడియం, దానికి అంటిపెట్టుకుని దాని పనితీరును మలిచే లైగాండ్ అనే అణువు మైసెల్‌లో ఉంటాయి, క్షారం, పుట్టిన లవణాలు నీటిలో ఉంటాయి.

2015లో ఈ బృందం, ఔషధ సంస్థ నోవార్టిస్ శాస్త్రవేత్తలు కలిసి ఇనుము ఆధారిత నానోకణాల్లో పీపీఎమ్ (పది లక్షల్లో వంతులు) స్థాయి పల్లేడియంతోనే సుజుకీ చర్యలు చేసి చూపించారు. ఆ స్థాయి అంటే ఏంటో లెక్క చూస్తే బాగుంటుంది. ఒక మోల్ పదార్థానికి ఒక శాతం పల్లేడియం అంటే 1.06 గ్రాములు. 500 పీపీఎమ్ అంటే 53 మిల్లీగ్రాములు, ఇరవయ్యో వంతు. ఖర్చు తగ్గడం ఒక్కటే లాభం కాదు. నోటి ద్వారా తీసుకునే మందుల్లో రోజుకు 100 మైక్రోగ్రాములకు మించి పల్లేడియం ఉండకూడదని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మొదట్లోనే తక్కువ వేస్తే చివర్లో తీసేయాల్సిందీ తక్కువే.

మైక్రోఎమల్షన్లలో ఉత్ప్రేరకాన్ని నడపడమే కాదు, తయారు కూడా చేస్తారు. బూటోనే, ఆమె సహచరులు 1982లో నీటి బొట్లున్న మైక్రోఎమల్షన్లలో ప్లాటినం, పల్లేడియం, రోడియం, ఇరిడియం కణాలను దాదాపు ఒకే సైజులో తయారుచేశారు.

ఎంజైమ్‌ల కథ ఇంకా సున్నితమైనది. నూనెలో తేలే నానోమీటర్ల నీటి బొట్టులో ఎంజైమ్ బతికే ఉంటుంది, పని కూడా చేస్తుంది. నీటి అణువులు ఎన్ని, సర్ఫ్యాక్టెంట్ అణువులు ఎన్ని అన్న నిష్పత్తే బొట్టు సైజును నిర్ణయిస్తుంది. ఏఓటీ అనే సర్ఫ్యాక్టెంట్‌తో కైమోట్రిప్సిన్ ఎంజైమ్‌ను పరీక్షిస్తే, ఈ నిష్పత్తి 10 చుట్టుపక్కల ఉన్నప్పుడు అది బాగా చురుగ్గా కనిపిస్తుంది. బొట్టు ఎంజైమ్‌కు సరిగ్గా సరిపోయే సైజు అదేనన్నది ఎక్కువమంది ఇచ్చే వివరణ.

నీటిలో చేస్తే వ్యర్థం పోయినట్టేనా?

సమర్థించేవాళ్ల వాదన బలమైనదే. మంటలంటుకునే ద్రావణి రియాక్టర్‌లో ఉండదు. వేడి చేయక్కర్లేదు, దానితో పక్కచర్యలు తగ్గుతాయి. ఉత్పత్తి ఘనపదార్థమైతే వడగట్టి తీసుకోవచ్చు, మిగిలిన నీటినీ ఉత్ప్రేరకాన్నీ మళ్లీ కొన్నిసార్లు వాడుకోవచ్చు. నోవార్టిస్ లాంటి సంస్థ దీన్ని ఒక మందు పదార్థం తయారీకి వర్తింపజేసి 2016లో ఫలితాలు ప్రచురించింది కాబట్టి, ఇది ల్యాబ్ ముచ్చటతో ఆగిపోయిందని అనలేం.

విమర్శకులు చర్య అయిపోయిన తర్వాతి ఘట్టాన్ని చూడమంటారు. ఉత్పత్తి నూనెలా ఉంటే దాన్ని బయటికి లాగడానికి ఇథైల్ అసిటేట్ లాంటి ద్రావణి మళ్లీ కావాలి. అది కలిపి ఊపగానే సర్ఫ్యాక్టెంట్ తన సహజగుణం చూపిస్తుంది. నురగ లేస్తుంది, పొరలు విడిపోవు, గంటల తరబడి ఎదురుచూడాల్సి వస్తుంది. ఘనపదార్థాలు జిగురు ముద్దలుగా మారి రియాక్టర్ గోడలకు పట్టేయడం ఇంకో బెడద. దీన్ని తప్పించడానికి 10 శాతం దాకా టొలీన్, అసిటోన్ లాంటి ద్రావణిని నీటితో పాటు కలుపుతుంటారు. పని జరుగుతుంది గానీ, ద్రావణి లేని పద్ధతి అన్న మాట ఇక చెల్లదు.

వీటన్నిటికంటే పెద్ద ప్రశ్న నీటిదే. కర్బన పదార్థాలు, లోహాలు కలిసిన నీటిని శుద్ధి చేయడం తేలిక కాదని డోనా బ్లాక్‌మండ్, ఆమె సహచరులు 2007లోనే హెచ్చరించారు. ఒక కిలో నీటిని ఆవిరి చేయడానికి సుమారు 2260 కిలోజౌల్స్ కావాలి, కిలో టొలీన్‌కు 360 కిలోజౌల్స్ చాలు. టొలీన్‌ను ఆవిరి చేసి, చల్లబరిచి మళ్లీ వాడుకోవడం ఆరు రెట్లు తక్కువ శక్తితో అయ్యే పని. వాడిన సర్ఫ్యాక్టెంట్ ఏదన్నది కూడా ముఖ్యం. ఇందాకటి సెటైల్ ట్రైమిథైల్ అమ్మోనియం జాతివి నీటిలోని జీవులకు విషం.

నా అంచనాలో విమర్శకుల ఈ వాదన సర్ఫ్యాక్టెంట్ పద్ధతిని కొట్టిపారేయదు, లెక్క ఎక్కడిదాకా గట్టాలో చెబుతుంది. లీటరు పాత ద్రావణి బదులు అయిదు లీటర్ల మురికి నీరు వస్తే అది లాభం కాదు. అదే నీటిని అయిదుసార్లు తిప్పి వాడి, ఉత్పత్తిని వడగట్టి తీయగలిగితే నిజంగానే లాభం. ఒకే పద్ధతి ఒక మందుకు మంచిదై, మరో మందుకు చెడ్డది కావచ్చు.

ఇంకో సందేహం కూడా ఉంది: అసలు సర్ఫ్యాక్టెంట్ అవసరమా? 2005లో షార్ప్‌లెస్ బృందం కరగని పదార్థాలను ఉట్టి నీటి మీద వేసి గట్టిగా కలిపితేనే కొన్ని చర్యలు బాగా వేగంగా జరుగుతాయని చూపించింది. అందుకే మైసెల్‌లో చర్య గురించి ఏ ప్రచురణ చదివినా నేను ముందు వెతికేది ఒక్కటే. సర్ఫ్యాక్టెంట్ లేకుండా, అంతే జోరుగా కలిపి, అదే చర్యను చేసి చూశారా? ఆ పోలిక లేకపోతే ఘనత ఎవరిదో తేల్చలేం.

విడదీయడం కూడా మైక్రోఎమల్షన్‌తోనే

వేరు చేయడమే అసలు చిక్కు అయితే, దాన్నే లక్ష్యంగా పెట్టుకున్న పరిశోధన ఒకటుంది. జర్మనీలోని ఓబర్‌హౌజెన్‌లో 1984 నుంచి నడుస్తున్న రూర్‌కెమీ/రోన్-పూలెంక్ ప్రక్రియలో రోడియం ఉత్ప్రేరకం నీటిలో ఉంటుంది. ప్రొపీన్ వాయువు, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ కలిసి ఆల్డిహైడ్ అవుతాయి, అది నూనె పొరగా తేలుతుంది. ఖరీదైన రోడియం నీటిలోనే ఉండిపోతుంది కాబట్టి నష్టం అత్యల్పం. అయితే ఇది ప్రొపీన్, బ్యూటీన్ లాంటి చిన్న ఆల్కీన్లకే పనికొస్తుంది. 12 కార్బన్ల డోడెసీన్ నీటిలో దాదాపు కరగదు, ఉత్ప్రేరకాన్ని చేరుకోలేదు.

బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో షోమెకర్ బృందం ఈ డోడెసీన్ కోసం ఆవేశం లేని సర్ఫ్యాక్టెంట్‌తో మైక్రోఎమల్షన్‌ను వాడింది. ఈ జాతి సర్ఫ్యాక్టెంట్లకు వేడి మీద ఒక ప్రత్యేక స్పందన ఉంది. చల్లగా ఉన్నప్పుడు వాటి తలలు నీటి అణువులను పట్టుకుని నీటి పొరలో ఉంటాయి. వేడెక్కేకొద్దీ ఆ పట్టు సడలి నూనె వైపు మొగ్గుతాయి. రెండిటి మధ్యలో ఒక ఉష్ణోగ్రత పరిధి ఉంది, అక్కడ విన్సర్ చెప్పిన మూడు పొరల స్థితి వస్తుంది. పైన ఉత్పత్తి ఉన్న నూనె, కింద నీరు, మధ్యలో సర్ఫ్యాక్టెంట్, దానితో పాటే ఉత్ప్రేరకం. కలుపుతూ ఉంటే చర్య నడుస్తుంది. ఉష్ణోగ్రతను ఆ పరిధిలో పెట్టి కదపకుండా వదిలితే పొరలు చప్పున విడిపోతాయి, పై పొరను తీసేసి మిగతాది తిరిగి రియాక్టర్‌కు పంపొచ్చు. సరైన లైగాండ్‌తో, గొలుసు చివర ఆల్డిహైడ్ చేరిన రకం, పక్కకు చేరిన రకం 98:2 నిష్పత్తిలో వచ్చాయి. చిన్న ప్లాంటు కట్టి ఎడతెరిపి లేకుండా నడిపి కూడా చూశారు.

కష్టం ఆ పరిధి ఇరుకుగా ఉండటంలో ఉంది, పైగా అది ఒకచోట నిలబడదు. డోడెసీన్ తగ్గి, దానికంటే నీటితో కాస్త స్నేహంగా ఉండే ట్రైడెకనాల్, అంటే ఇక్కడ పుట్టే ఆల్డిహైడ్, పెరిగేకొద్దీ నూనె పొర స్వభావం మారుతుంది, దానితో మూడు పొరలు విడిపోయే ఉష్ణోగ్రత కూడా జరుగుతుంది. చర్య మొదట్లో సరిగ్గా విడిపోయిన మిశ్రమం సగం దూరం వెళ్లాక విడిపోకుండా మొండికేయొచ్చు. ప్లాంటు నడిపేవాళ్లు ఉష్ణోగ్రతను ఒకసారి పెట్టి వదిలేయలేరు. ఉత్పత్తి ఎంత తయారైందో చూసుకుంటూ విడదీసే పాత్ర ఉష్ణోగ్రతను, సర్ఫ్యాక్టెంట్ పాళ్లను సరిచేస్తూ ఉండాలి.